నాలుగో అంతస్తులో గృహాంశాలు

మా ఆవిడ సులోచన పోయిన రోజు మధ్యాహ్నం మా అమ్మాయి ఫోనుకు కంపెనీ నుంచి ఒక సందేశం వచ్చింది. ఫోను గూట్లో ఉంది. హిమజ వాళ్ళమ్మ దగ్గర కూర్చుని ఉంది. జనగామ నుంచి వచ్చిన మా బావమరిది, ఎవరో పరామర్శ పంపారనుకుని, అందరికీ వినబడేటట్టు చదివాడు.

"మీరు లేని లోటు మాకు ప్రతిక్షణం తెలుస్తోంది. మీ రెండో ఇల్లు మీ కోసం ఎదురుచూస్తోంది. తప్పక తిరిగి రండి."

"మంచి కంపెనీలాగా ఉంది," అన్నారు వెనక నుంచి ఎవరో.

అది పరామర్శ కాదు. ఉద్యోగులంతా ఇళ్ళలోంచి పనిచేయడం మానేసి, వచ్చే సోమవారం నుంచి ఆఫీసులో కూర్చుని పనిచేయాలన్న ఉత్తర్వు. ఆ సంగతి నాకు దినవారాలు అయిపోయాక తెలిసింది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఉప్పల్‌లో ఉంటాం. హిమజ కొన్నేళ్ళుగా మా ఇంటి వెనక గదిలోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. ఆస్పత్రుల్లో రక్తపరీక్షల రిపోర్టులు ఎవరివి వారి ఫోన్లకు పంపే ప్రోగ్రాం ఒకటుంది. అందులో తప్పులు పట్టుకుని సరిచేయడం ఆమె పని. తప్పు పట్టుకోవడంలో ఆమెకు కంపెనీలో మంచి పేరుంది. ఆ పేరులో వాళ్ళమ్మ వాటా కూడా ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

సులోచనకు కంప్యూటరు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. పొద్దుటి పని ముగిశాక గోకరకాయో చిక్కుడుకాయో పళ్ళెంలో వేసుకుని ఆ గది గడపలో కూర్చుని, "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగేది. హిమజ చెప్పేది. "అటెన్క?" అనేది సులోచన. హిమజ ఇంకొంచెం చెప్పేది. "అట్లనా! మరి అటెన్క?" అనేది. చెప్పగా చెప్పగా ఎక్కడో ఒకచోట హిమజ ఆగిపోయి, "ఆగే అమ్మా, దొరికింది," అని కంప్యూటరు వైపు తిరిగేది. ఏం దొరికిందో సులోచన ఎన్నడూ అడగలేదు. కాయలకు ఈనెలు తీయడం అయిపోయేది. లేచి వంటింట్లోకి పోయేది.

ఉత్తర్వు ప్రకారం హిమజ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది. అదే సమయానికి ఆ ప్రోగ్రాంలో కొత్త తప్పొకటి బయటపడింది. ఎక్కడో ఒకరికి రిపోర్టు అందడం లేదు. పంపానని కంప్యూటరు అంటుంది. రాలేదని మనిషి అంటాడు. మే నెలాఖరులోగా కారణం తేల్చకపోతే ఒప్పందం రద్దు చేసుకుంటామని ఆస్పత్రుల వాళ్ళు చెప్పారు. ఒప్పందం పోతే ముందు పోయేది హిమజ ఉద్యోగం.

ఆమె రోజూ చీకటి పడ్డాక ఇంటికి వచ్చేది. "పని ఎట్లున్నది బిడ్డా?" అనేవాణ్ణి. "ఉన్నది," అనేది. మా ఇద్దరి మధ్యా మాటలు అంతకు మించి సాగేవి కావు.

ఇక కంపెనీ సంగతి. అందరూ ఆఫీసుకు రావడం మొదలుపెట్టాక అక్కడ పని పడిపోయింది. దీని నుంచి మామూలు మనిషి ఏం గ్రహిస్తాడో నేను చెప్పనక్కర లేదు. అందుకే పెద్ద సంస్థలు ఇలాంటి విషయాలను మామూలు మనుషులకు వదలవు. ఆ కంపెనీలో 'కార్యాలయ అనుభూతి' అని ఒక విభాగం ఉంది. దాని అధిపతి ప్రద్యుమ్న గారు. వయసు నలభై లోపే. ఏ మాటనైనా రెండు చేతులతో గాలిలో ఒక పెట్టె కట్టి, అందులో పెట్టి చెబుతారు. ఆయన అందరినీ సమావేశపరచి ఇలా అన్నారని హిమజ పక్క సీట్లో కూర్చునే కరుణాకర్ తర్వాత నాకు చెప్పాడు.

"ఇంటి దగ్గర పని బాగా జరిగిందని డేటా చెబుతోందండీ. ఆఫీసుకు రావాలని బోర్డు చెబుతోంది. మనం డేటానీ గౌరవించాలి, బోర్డునీ గౌరవించాలి. కాబట్టి మనం ఇంటికి వెళ్ళం. ఇంటినే ఇక్కడికి రప్పిద్దాం."

ఇంట్లో ఉన్నప్పుడు పనికి తోడ్పడింది ఏమిటో ఒక్కొక్కరూ లేచి చెప్పాలన్నారు. ఒకతను కుక్కర్ మూడో విజిల్‌కు లేచి ఒళ్ళు విరుచుకునేవాణ్ణనీ, అదే తనను కాపాడిందనీ చెప్పాడు. ఒకమ్మాయి వీధిలో కూరగాయల బండి కేక వినబడగానే మెలకువ వచ్చినట్టుండేదని చెప్పింది. కరుణాకర్ లేచి, "మా అత్తమ్మ తిడుతది సార్," అన్నాడు. "పొద్దంత ఆ డబ్బా ముంగట గూసుంటవు, పని జేస్తున్నవా పడుకున్నవా అంటది. ఆ కోపంల పనైపోతది."

హిమజ వంతు వచ్చినప్పుడు, "ఏం లేదు సార్," అని కూర్చుంది. కరుణాకర్ ఆగలేక, వాళ్ళమ్మ ఎలా కూర్చునేదో, ఏమని అడిగేదో తను విన్నంతవరకు చెప్పేశాడు. ఇళ్ళలోంచి ఫోన్లో మాట్లాడుకుంటూ పనిచేసేటప్పుడు వెనక నుంచి ఆ మాటలు అందరికీ వినబడేవట.

ప్రద్యుమ్న గారి కళ్ళు మెరిశాయి. "అద్భుతమండీ. ఆవిణ్ణి రేపే తీసుకురండి."

"చనిపోయిన్రు సార్," అన్నాడు కరుణాకర్.

ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. తల వంచుకుని కాసేపు నిలబడ్డారు. అది నటన కాదని కరుణాకర్ చెప్పాడు, నేను నమ్ముతాను. తర్వాత తల ఎత్తి, "ఆ విషయం సిస్టంలోకి ఎక్కలేదండీ, క్షమించాలి," అన్నారు. ఆపైన మెల్లగా, "బ్యాకప్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

ఆ బ్యాకప్ నేను.

ఆయనే స్వయంగా ఫోను చేశారు. "మాష్టారూ, నమస్కారమండీ. మీరు మా ఆఫీసుకు హోమ్ ఎలిమెంట్‌గా విచ్చేయాలండీ."

తెలుగులో గృహాంశం అనుకోవచ్చు. ఇక మీదట అలాగే అంటాను.

"వచ్చి ఏం చెయ్యాలె?" అన్నాను.

"వినాలండీ. అంతే. మీ అమ్మాయి చెబుతుంది, మీరు వింటారు."

"రాకపోతే?"

"ఇది బలవంతం కాదండీ, ఆహ్వానం. రాకపోతే ఏమవుతుందో ఆహ్వానంలోనే ఉంటుంది."

బడికి వేసవి సెలవులిచ్చారు. ఇంట్లో చేయదగ్గ పనులన్నీ చేశాను. కొన్ని రెండోసారి కూడా చేశాను. ఆ తప్పు దొరక్కపోతే పిల్ల ఉద్యోగం పోతుంది. వస్తానన్నాను.

నాలుగో అంతస్తులో అడుగు పెట్టగానే మెడలో ఒక పలక వేశారు. దాని మీద నా ఫోటో, కింద 'గృహాంశం. విభాగం: శ్రోత. తాత్కాలికం' అని ఉంది. హాలు పొడవునా బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక ఉద్యోగి, పక్కన వారి ఇంటి తాలూకు ఏదో ఒకటి. ఒకరి పక్కన నాయనమ్మ. ఒకరి పక్కన కుక్క. కుక్క మెడలోనూ పలక ఉంది. అది తాత్కాలికం కాదు.

నా పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ కరుణాకర్ అత్తగారు, మార్తమ్మ. మెదక్ మనిషి. స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీదేం నౌకరి సారూ?" అని అడిగింది.

"వినుడు."

"మంచిగున్నది. నాది తిట్టుడు."

కిటికీ దగ్గర ఇండక్షన్ పొయ్యి మీద కుక్కర్ పెట్టారు. అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. మూడు విజిల్స్ ఉండాలని ఒక వర్గం, పప్పు ఉడికే ఇళ్ళలో అయిదు వస్తాయని ఇంకో వర్గం. విషయం ఉపసంఘానికి వెళ్ళింది. ఉపసంఘం నాలుగు విజిల్స్ అని తేల్చింది. నాలుగు విజిల్స్ ఎవరి ఇంట్లోనూ ఉండేవి కావు కనుక ఎవరికీ అన్యాయం జరగలేదని వారి అభిప్రాయం.

కూరగాయల బండిని సామాను లిఫ్టులో పైకి తెచ్చారు. బండాయన పేరు జంగయ్య. "ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, టమాటా!" అంటూ బల్లల మధ్య తిరిగేవాడు. ఒకరోజు నేను అరకిలో టమాటా అడిగితే అటూ ఇటూ చూశాడు.

"అమ్మొద్దన్నరు సారూ. అమ్మాలంటే కంపెనీల పేరు ఎక్కియ్యాలెనంట, అది ఇంక కాలే. ఒర్రుమన్నరు, ఒర్రుతున్న. టమాటలు మురిగిపోతున్నయ్."

మార్తమ్మకు వారానికి ఇన్ని తిట్లని లక్ష్యం పెట్టారు. మొదటి వారం దాటేసింది. రెండో వారం ప్రద్యుమ్న గారు వచ్చి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా, ఈ వారం మీ అవుట్‌పుట్ తగ్గిందండీ," అన్నారు.

"పిల్లగాడు మంచిగనే చేస్తుండు బిడ్డా. మంచిగ చేసేటోన్ని తిడితే దేవుడు మెచ్చడు."

"మెచ్చుకోవడం మా విభాగం చూసుకుంటుందండీ. మీరు తిట్లు చూడండి."

మార్తమ్మ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకు తల్లి లేదా?"

"ఉన్నారండీ. కాకినాడలో."

"ఫోన్ జేస్తవా?"

ప్రద్యుమ్న గారు లేచి ప్యాంటు దులుపుకున్నారు. "ఇది ఏ లెక్కలోకి వస్తుందండీ?" అని పక్కనున్న సహాయకుణ్ణి అడిగారు. సహాయకుడు ఆలోచించి, "తిట్టే సార్," అని ఒకటి కలిపాడు.

నాకు రెండు పూటలు శిక్షణ ఇచ్చారు. చెవికి మైకు తగిలించుకున్న ఒక అమ్మాయి వచ్చి, "అటెన్క అనే పదాన్ని మనం ఎలా డెలివర్ చేయాలంటే అంకుల్, కొంచెం కుతూహలం, కొంచెం ప్రేమ, తీర్పు మాత్రం అస్సలు ఉండకూడదు," అంది. నేను అన్నాను. "తీర్పు వినిపిస్తోంది అంకుల్," అంది. మళ్ళీ అన్నాను. ముప్ఫయ్యేళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దిన గొంతు ఇంతకన్నా వంగదని మర్యాదగా చెప్పాను. ఆ అమ్మాయి అర్థం చేసుకుని, నా చేతికి ఒక పళ్ళెం చిక్కుడుకాయలు ఇచ్చింది. ఈనెలు తీస్తుంటే గొంతు సహజంగా వస్తుందని పరిశోధనలో తేలిందట.

హిమజను నా ఎదురుగా కూర్చోబెట్టారు. ప్రద్యుమ్న గారు కొంచెం దూరంలో నిలబడ్డారు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అన్నాను.

హిమజ పళ్ళెం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "బాపూ, నువ్వనకు అట్ల," అంది. గట్టిగా అనలేదు.

పళ్ళెం కింద పెట్టాను. "సరే. నా తీరుగనే అడుగుత. సమస్య ఏంది?"

"రిపోర్ట్ తయారైనంక పోవుటానికి లైన్ల నిలబడ్తది..."

"ఆగు. తయారు జేసేదెవరు, పంపేదెవరు? ముందుగాల అది చెప్పు."

"చెప్తున్న. లైన్ల నిలబడ్డంక..."

"కారణాలు వేరు, ఫలితాలు వేరు. కలుపొద్దు."

"బాపూ, చెప్పనియ్యి."

"చెప్పు. పాయింట్లు పాయింట్లుగ చెప్పు."

హిమజ లేచి తన బల్ల దగ్గరికి పోయింది. మార్తమ్మ డబ్బా మూత తీసి నాకొక సకినం ఇచ్చింది. "సారూ," అంది, "నీ నౌకరి నాకిచ్చి నా నౌకరి నువ్వు తీస్కో. నీకు మంచిగ కుదురుతది."

ఇంతలో పథకం బాగా వ్యాపించింది. గృహాంశం లేని ఉద్యోగికి ఇంటి మీద శ్రద్ధ లేదని పేరు రాసాగింది. ఒంటరిగా హాస్టల్లో ఉండే కుర్రాళ్ళు హాస్టల్ వంటాయన్ను తెచ్చుకున్నారు. ఒకతని ఇంటి పక్కన ఎప్పుడూ బోరు వేస్తుండేవారట; ఆ శబ్దం లేకుండా పని సాగడం లేదని చెప్పాడు. బోరు వేసే లారీ గేటు దాకా వచ్చింది. గేటు ఎత్తు సరిపోలేదు కనుక దానికి బయటి నుంచి హాజరు ఇచ్చారు.

ఒకరోజు పొద్దున హిమజ వచ్చేసరికి ఆమె కుర్చీలో ఎవరో తాతయ్య నిద్రపోతున్నాడు. ఆ రోజు ఆమె మెట్ల మీద కూర్చుని పనిచేసింది. మర్నాడు మెట్లు కూడా నిండాయి. ఇంతకు మించి ఒక్క ప్రాణి కూడా ఈ అంతస్తులో ఉండకూడదని భద్రతాధికారి తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

ప్రద్యుమ్న గారు తన జీవితంలోకెల్లా గొప్ప సమావేశం ఏర్పాటు చేశారు. గాలిలో కట్టిన పెట్టె ఆ రోజు చాలా పెద్దది.

"మనం ప్రశాంతంగా ఆలోచిద్దామండీ. కుక్కర్‌కు కనెక్షన్ కావాలి. అత్తగారికి కుర్చీ కావాలి. బండికి స్థలం కావాలి. వీటిని కదిలించలేం. ఇక్కడ కదిలేది ఏమిటి? ఉద్యోగి. చేతిలో ల్యాప్‌టాప్ ఉంది. ఎక్కడైనా కూర్చోగలడు. కాబట్టి ఉద్యోగులు తమ తమ నివాసాల నుంచి పనిచేస్తారు. గృహాంశాలు మాత్రం తొమ్మిదింటికల్లా ఇక్కడ ఉండాలి."

ఒకతను భయపడుతూ చెయ్యెత్తాడు. "సార్, అంటే మళ్ళీ ఇంటి నుంచి పనా?"

"కాదండీ!" ప్రద్యుమ్న గారు నొచ్చుకున్నారు. "ఇల్లు ఇక్కడుంది కదా. మీరు పనిచేసేది ఇల్లు లేని చోటి నుంచి."

బోర్డు సంతోషించింది. ఆఫీసులో హాజరు ఒక్కసారిగా నూటికి నూరయింది. దేశంలోని శాఖలన్నిటిలోకీ మాదే మొదటి స్థానమని పెద్ద కేకు తెచ్చారు. జంగయ్య చేత కోయించారు.

"పనున్నోళ్ళు ఇంట్ల, పనిలేనోళ్ళు ఆఫీసుల," అంది మార్తమ్మ కేకు తింటూ. "మా దిక్కు ఈ ముచ్చట చెప్తే నన్ను పిచ్చిదంటరు సారూ."

అప్పటి నుంచి నేను రోజూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేవాణ్ణి. హిమజ నాకు డబ్బా కట్టి ఇచ్చి, "బాపూ, పలక మర్చినవ్," అని గేటు దాకా వచ్చేది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆమె గదిలో దీపం వెలుగుతుండేది. "పని ఎట్లున్నది?" అని ఇప్పుడు ఆమె నన్ను అడిగేది. "ఉన్నది," అనేవాణ్ణి.

తప్పు మాత్రం దొరకలేదు. నెలాఖరు దగ్గర పడింది.

మొత్తం కంపెనీలో పని మళ్ళీ పడిపోయింది. ఇళ్ళలో కుక్కర్ లేదు, అత్త లేదు, నాయనమ్మ లేదు. ఇళ్ళు ఆఫీసుల్లా అయిపోయాయని ఉద్యోగులు మొరపెట్టుకున్నారు. విభాగం దీనికీ మార్గం కనిపెట్టింది. ఆఫీసులోని ప్రతి గృహాంశాన్నీ వీడియో ద్వారా ఇంట్లోని ఉద్యోగితో కలుపుతారు. మొదటి రోజే చిన్న ఇబ్బంది వచ్చింది. మార్తమ్మ కరుణాకర్‌ను తిట్టిన తిట్టు దారి తప్పి విదేశంలోని ఒక సమావేశంలో వినబడింది. అక్కడి పెద్దమనిషి ఒకాయన, తననే అనుకుని, ఆలస్యానికి క్షమాపణ చెప్పి, ఎప్పటి నుంచో ఆగిన పని ఆ రాత్రే పూర్తి చేయించాడు. మార్తమ్మకు ప్రశంసాపత్రం ఇచ్చారు. కానీ ప్రమాదం ప్రమాదమే కనుక, గృహాంశాలన్నిటి గొంతూ మూసి ఉంచాలనీ, తెరవాలంటే ముందురోజే విభాగానికి దరఖాస్తు పెట్టుకోవాలనీ నిబంధన చేశారు. మూసి ఉంచడాన్ని అక్కడ మ్యూట్ అంటారు.

ఈ నిబంధన నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ పొద్దున తెర మీద హిమజ కనిపించింది. వెనక మా ఇంటి గోడ, సున్నం రాలిన చోటు. ముఖం బాగా పీక్కుపోయింది. ఆస్పత్రుల వాళ్ళిచ్చిన గడువుకు ఇక ఎన్నో రోజులు లేవు.

"ముందుగాల సమస్యను భాగాలు జెయ్యి," అన్నాను.

ఆమె కళ్ళు చిట్లించింది. "బాపూ, మ్యూట్ల ఉన్నవ్."

ఏదో నొక్కాను. ఇంకేదో నొక్కాను. గొంతు పెంచాను. మొదటి భాగం ఏమిటో, రెండో భాగం ఏమిటో వివరంగా చెప్పాను. హాల్లో నలుగురు తిరిగి చూశారు.

మార్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "సారూ, ఎందుకు గొంతు చింపుకుంటవ్? ఆ పిల్లకు ఒక్క ముక్క వినబడ్తలేదు."

ఊరుకున్నాను. చేతులు బల్ల మీద పెట్టుకుని తెర వైపు చూశాను. హిమజ కూడా చూసింది. కొన్ని నెలలుగా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు అంతసేపు చూసుకోలేదు. నేను ఏమైనా అంటానేమోనని ఆమె కొంచెం ఆగింది. నేను ఏమీ అనలేనని గుర్తొచ్చినట్టుంది. చెప్పడం మొదలుపెట్టింది.

"రిపోర్ట్ తయారైతది బాపూ. తయారైనంక ఎవరిదో చూడాలె. పేరు పట్టి చూస్తే ఒక్క పేరు పదిమందికుంటది. అందుకని ఫోన్ నంబర్ పట్టి చూస్తది. నంబర్ దొరికితే మనిషి దొరికినట్టే. ఆ నంబర్ మీద పోవాల్సిన పాత రిపోర్ట్ ఏదన్న ఉంటే, దాన్ని తీసేసి కొత్తది పెడ్తది. ఒక్క మనిషికి కొత్తదే గదా కావాలె. ఇందుల తప్పేం లేదు. వందసార్లు చూసిన. ఒక్క నంబర్, ఒక్క మనిషి..."

ఒక ప్రశ్న నా నాలుక చివర దాకా వచ్చింది. అడిగినా వినబడదు. మింగేశాను.

"ఒక్క నంబర్ ఒక్క మనిషే," అంది మళ్ళీ. ఈసారి మెల్లగా. "ఇంట్ల ఫోన్ వాడుడు రానోళ్ళుంటే? వాళ్ళు పిల్లల నంబరిస్తరు. ఇద్దరూ ఒక్క దినమే పరీక్ష చేపిచ్చుకుంటే... ముందుగాల్లది పోకముందే అటెన్కది దాని మీద పడ్తది. ఒకళ్ళదాన్ని ఇంకొకళ్ళది తుడిచేస్తది."

ఆగింది. దొరికిందని అనలేదు. కంప్యూటరు వైపు తిరగనూ లేదు. అది ఎప్పటి నుంచో అక్కడే ఉందనీ, ఆ వైపు పోకుండా తనే చుట్టూ తిరుగుతోందనీ ఆమె ముఖం చూస్తే నాకు తెలిసింది.

"అమ్మకు గూడ నా నంబరే ఇచ్చినం గదా బాపూ," అంది.

నేను ఏదో అన్నాను. నా పెదవుల కదలిక చూసి పోల్చుకోవాలని ఆమె ముందుకు వంగింది.

"ఏమన్నవ్?"

తల అడ్డంగా ఊపాను. ఏం లేదన్నట్టు. ఆమె కళ్ళు తుడుచుకుని, కీబోర్డు మీద చేతులు పెట్టింది. మార్తమ్మ నా ముందుకు నీళ్ళ సీసా జరిపింది.

రెండు రోజుల్లో తప్పు సరిచేశారు. ఒప్పందం నిలిచింది, హిమజ ఉద్యోగం నిలిచింది. కార్యాలయ అనుభూతి విభాగం దీన్ని తమ పథకానికి పరాకాష్ఠగా ప్రకటించింది. నా పనితీరును 'అంచనాలను మించింది' అని లెక్కకట్టారు. కారణం దగ్గర 'జోక్యం శూన్యం' అని రాశారు. నా ఉద్యోగ జీవితంలో ఏ తనిఖీ అధికారీ నా గురించి అలా రాయలేదు.

జూన్‌లో బడి తెరిచే రోజు వచ్చింది. ఇక రానని చెప్పడానికి ప్రద్యుమ్న గారి గదికి వెళ్ళాను.

"అయ్యో, నోటీసు పీరియడ్ మూడు నెలలండీ," అన్నారు.

"పిల్లలు ఎదురుచూస్తుంటరు."

ఆయన ఆలోచించారు. చేతులు గాలిలోకి లేచాయి. "మీ క్లాసును ఇక్కడికి తెచ్చేస్తేనో మాష్టారూ? అయిదో అంతస్తు ఖాళీగా ఉంది. పిల్లలకు పూర్వానుభవం ఏమైనా ఉందాండీ?"

లేదన్నాను. అయితే కష్టమేనని, నోటీసు సంగతి వదిలేశారు. లేచి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "నిన్న మా అమ్మకి ఫోన్ చేశానండీ," అన్నారు. అది ఏ విభాగం కిందికి వస్తుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నేను మానేసిన వారానికి కొత్త ఉత్తర్వు వచ్చింది. నాలుగో అంతస్తులోని గృహాంశాలకు సరైన ఆఫీసు వాతావరణం కొరవడిందనీ, దాన్ని కల్పించేందుకు ఉద్యోగులంతా వచ్చే సోమవారం నుంచి తిరిగి రావాలనీ అందులో ఉంది. తన గృహాంశం రాజీనామా చేసింది కనుక తనకు అది వర్తించదని హిమజ జవాబు రాసింది. నియమం చూశారు. నిజమే, వర్తించదు. ప్రస్తుతానికి ఆ కంపెనీ మొత్తంలో ఇంటి నుంచి పనిచేస్తున్నది ఆమె ఒక్కతే.

సాయంత్రం నేను బడి నుంచి వచ్చాక, ఆ రోజు ఏం చేసిందో చెబుతుంది. నేను వింటాను. మధ్యలో ప్రశ్న వస్తే పళ్ళు బిగబట్టుకుంటాను. కొన్నిసార్లు బయటికి వచ్చేస్తుంది. "బాపూ, మ్యూట్," అంటుంది. ఇద్దరం నవ్వుతాం.

సులోచన జబ్బు సంగతి తేల్చిన రిపోర్టు, ఆమె బతికుండగానే, ఒక పొద్దున దారి తప్పకుండా హిమజ ఫోనుకు వచ్చింది. సులోచనకూ నాకూ చెప్పింది మర్నాడు సాయంత్రం. ఆ మధ్యలో తను ఒక్కతే ఎలా ఉన్నదో నేనింకా అడగలేదు.